మడమ గీత

పోయినవారం భాగం చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. చదివినవాళ్ళు మూతి ముడవకండి, వారం రోజుల్లో మీరు మాత్రం ఎన్ని మర్చిపోలేదు!

ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ ఉతికే లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళు ఒక ఫుట్‌బాల్ జట్టు కట్టుకున్నారు. ఆ జట్టు జాతీయ కప్పులో సెమీఫైనల్ దాకా వచ్చి కూర్చుంది. ఒక్క ఆట ఓడితే మూటాముల్లే సర్దుకుని ఇంటికి పోవాల్సిన పోటీలో ఇంతదూరం వస్తారని వాళ్ళ మొగుళ్ళే అనుకోలేదు. జట్టుకి కెప్టెనూ గోల్‌కీపరూ ఒకరే. ఆవిడ ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేస్తుంది. బంతిని దాటనివ్వదు కాబట్టి ఆవిడ పేరు ‘గోడ’. ఆవిడ కోడలు రిజర్వు గోల్‌కీపరు, కాబట్టి ‘చిన్నగోడ’. అత్తాకోడళ్ళు ఒకే జట్టులో ఉంటే రోజుకో యుద్ధం చూడొచ్చని ఆశపడ్డ లాండ్రీ జనానికి ఇన్నాళ్ళూ ఆ సరదా తీరలేదు.

సెమీఫైనల్ ఆదివారం. జట్టును ఆడించే డ్రిల్లు మేడమ్ ప్రాక్టీసు అయ్యాక అందరినీ కూర్చోబెట్టి, ఆట నగరంలోని పెద్ద స్టేడియంలో అనీ, అక్కడ నేల మీద ఉన్నది గడ్డి కాదు, ప్లాస్టిక్ అనీ చెప్పింది. బురద ఉండదని జట్టంతా ఈలలు వేసింది. ఇద్దరి మొహాలు మాత్రం మాడిపోయాయి. ఒకటి గోడది, రెండోది చిన్నగోడది. పైగా ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడ ఆపాను పోయినవారం.

ఎందుకు మాడాయో చెప్పాలంటే ముందు మడమ గీత గురించి చెప్పాలి.

గోల్‌కీపరుకి వెనక కళ్ళుండవు. తన వెనక ఉన్న రెండు స్తంభాలకీ సరిగ్గా మధ్యలో ఉన్నానా, పక్కకి జరిగానా అన్నది ఆటలో మాటిమాటికీ తిరిగి చూసుకోవడం కుదరదు. అందుకని ఆట మొదలుకాకముందే గోల్ మధ్య నుంచి ముందుకి మడమతో నేల మీద ఒక గీత లాగుతారు. తర్వాత ఒక్కసారి కిందకి చూస్తే చాలు, ఎక్కడున్నదీ తెలిసిపోతుంది. రూలు ప్రకారం మైదానం మీద అలా గీయకూడదు. రెఫరీలు చూసీచూడనట్టు పోతారు, అదొక మర్యాద. టాస్‌లో ఏ వైపు గోల్ తన వంతుకి వస్తుందో తెలియదని గోడ ముందే రెండు వైపులా గీసి పెట్టుకునేది. కోడలికి గ్లవ్స్ తొడిగిన మొదటిరోజు నేర్పింది కూడా బంతి పట్టడం కాదు, గీత గీయడం.

ఆ గీత ఈ మధ్య మెల్లగా ఎడమవైపుకి జరుగుతోంది.

మొదట చూసినప్పుడు చిన్నగోడ నమ్మలేదు. తన కళ్ళే మోసం చేస్తున్నాయనుకుంది. రెండోసారి స్తంభం నుంచి స్తంభానికి అడుగులు వేసి చూసింది. గీత పక్కకే ఉంది. చీకట్లో నడిచే మనిషి గోడ వైపుకి ఒరిగినట్టు, అత్తయ్య సరిగ్గా కనిపించని స్తంభం వైపుకి జరుగుతోందని ఆ పిల్లకి అర్థమైంది. అప్పటినుంచీ అత్తగారు టాస్‌కి వెళ్ళగానే, కాళ్ళు సాగదీసుకుంటున్నట్టు నటిస్తూ, రెండు గోల్స్ దగ్గరికీ వెళ్ళి బూటు అడుగుతో ఆ గీత చెరిపి, తన మడమతో సరైనచోట ఇంకొకటి గీస్తోంది. కప్పులో ఇంతదూరం జట్టు వచ్చింది ఆ దొంగగీతల మీదే. క్వార్టర్‌ఫైనల్లో ఆడేవాళ్ళు తొక్కి గీత చెరిగిపోయిన కాసేపట్లోనే ఎడమవైపు నుంచి గోల్ పడింది. “ఎండ కళ్ళలో పడింది” అంది గోడ. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. ఒక గోల్ ఎక్కువ కొట్టి ఎలాగో బయటపడ్డారు.

ప్లాస్టిక్ నేల మీద మడమ ఎంత లాగినా గీత పడదు.

*

మర్నాడు షిఫ్టులో అత్తాకోడళ్ళిద్దరినీ దుప్పట్లు మడతపెట్టే పనికి వేశారు. రోలర్లోంచి వేడివేడిగా వచ్చే డబుల్ దుప్పటిని ఒక్కరు మడవలేరు. ఇద్దరు ఎదురెదురుగా చెరో రెండు కొసలూ పట్టుకుని, చాచి దులిపి, సగానికి మడిచి, ఒకరి దగ్గరికి ఒకరు నడిచి రావాలి. ఒకరి చేతిలోని కొసలు ఇంకొకరు అందుకుంటారు. మళ్ళీ వెనక్కి. మాట్లాడుకోవడానికి అంత చెడ్డ చోటు ఇంకొకటి ఉండదు. దగ్గరికి వచ్చినప్పుడే మాట వినపడుతుంది, దూరం జరిగితే రోలరు మోత మింగేస్తుంది.

“రాత్రి అన్నం సరిగ్గా తినలేదేం?” దగ్గరికి వచ్చినప్పుడు అత్త అడిగింది.

“మీరూ తినలేదు కదా అత్తయ్యా.”

వెనక్కి వెళ్ళారు. దుప్పటి దులిపారు. దగ్గరికి వచ్చారు.

“నాకు ఆకలి లేదు.”

“నాకూ లేదు.”

ఇంకో దుప్పటి. ఈసారి కోడలు కొసలు అందించింది. అత్త కుడిచెయ్యి తన కొసని పట్టుకుంది. ఎడమచెయ్యి ముందుకొచ్చి, కొసకి జానెడు పక్కన, ఖాళీ గాలిని గట్టిగా పట్టుకుంది.

ఇద్దరూ ఆ చేతి వంక చూశారు. కోడలు కొసని తీసుకెళ్ళి ఆ వేళ్ళ మధ్య పెట్టింది. అలా పెట్టడంలో ఎంత అలవాటు కనిపించిందంటే, ఇది మొదటిసారి కాదని అత్తకి తెలిసిపోయింది.

“ఎన్నాళ్ళనుంచి ఇలా చేతిలో పెడుతున్నావ్?”

“దేన్నత్తయ్యా?”

“నటించకు. నటన మన ఇంటావంటా లేదు.” అత్త వెనక్కి నడవలేదు. దుప్పటి మధ్యలో వేలాడుతోంది. “ఆ గీతలు కూడా నువ్వే గీస్తున్నావని నాకు తెలీదనుకున్నావా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నేను టాస్‌కి పోగానే కాళ్ళు సాగదీసుకోవడం! నీ మడమ సన్నం. నాది పలక. నా గీత కాలవలా ఉంటుంది, నీది సూదితో లాగినట్టుంటుంది. మొదటిరోజే చూశా.”

ఇన్నాళ్ళూ అత్తకి తెలియకుండా దాచానని చిన్నగోడ అనుకుంటూ ఉంటే, తెలిసిన సంగతిని అత్తే తననుంచి దాచిందన్నమాట. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు.

“మరి... మరి చెరిపి మళ్ళీ గీసుకోలేదేం?”

గోడ దుప్పటి సగానికి మడిచి, అరచేత్తో ముడతలు సాపు చేసింది.

“నా గీత కన్నా నీ గీతే నిజమని తెలుసు కాబట్టి,” అంది చివరికి.

ఇంత ప్రేమగా ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. అక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ చిన్నగోడ చిన్నపిల్ల, పైగా భయపడి ఉంది.

“అత్తయ్యా, కళ్ళాసుపత్రికి వెళ్దాం.”

“వెళ్దాం. ఆదివారం అయిపోనీ.”

“ఆదివారానికి ముందే వెళ్దాం.”

“ముందు వెళితే ఆడొద్దంటారు.”

“అంటే అననీండి! ఉన్న కన్ను కూడా పోతే?”

“ఏం పోదు. ఒక్క ఆట. ఇన్నేళ్ళలో మూడో రౌండు దాటామా మనం? స్టేడియంలోకి ఆడేవాళ్ళు చిన్నపిల్లల చేతులు పట్టుకుని వరసగా నడిచొస్తారు చూడు, అలా ఒక్కసారి నడవాలి నాకు. తర్వాత నువ్వు ఏ ఆసుపత్రికి రమ్మంటే ఆ ఆసుపత్రికి వస్తా.”

“ప్లాస్టిక్ మీద గీత పడదత్తయ్యా. నేనేం చెయ్యలేను అక్కడ. డ్రిల్లు మేడమ్‌కి చెప్పేద్దాం.”

అప్పుడు వచ్చింది ఆ మాట. ఎక్కడినుంచి వచ్చిందో అన్నావిడకీ తెలియదు.

“ఓహో. జెర్సీ మీద అంత ఆశ ఉంటే ముందే అడగొచ్చుగా. ఇంత నాటకం దేనికి?”

చిన్నగోడ చేతుల్లోంచి దుప్పటి జారిపోయింది.

నేలకి తగిలిన దుప్పటిని మళ్ళీ ఉతకాల్సిందే. అది లాండ్రీలో మొదటి రూలు. ఈ ఇద్దరి చేతుల్లోంచి దుప్పటి జారిందని అంతవరకూ ఎవరూ వినలేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు, చివరికి యుద్ధం మొదలైందేమోనని.

యుద్ధం కాదు. ఆ పిల్ల ఏడవనూ లేదు, ఎదురు మాట్లాడనూ లేదు. ఈ ఒక్క మాట ఎవరో అంటారనే కదా ఇన్నాళ్ళూ నోరు కుట్టుకుని గీతలు చెరుపుతూ తిరిగింది! వీధిలోవాళ్ళు అనుకుంటారేమో అని భయపడింది, జట్టులోవాళ్ళు అనుకుంటారేమో అని భయపడింది. అత్తయ్య అంటుందని మాత్రం భయపడలేదు. వంగి దుప్పటి తీసి, మాపు బట్టల బుట్టలో వేసి, ఇంకొకటి అందుకుని కొసలు చాచింది.

కొడుకు ఈ పిల్లని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన రోజు గోడకి గుర్తొచ్చింది. పేరు కూడా అడక్కుండా “చేతులేవీ, చూపించు” అంది తను. ఆ పిల్ల బెదురుతూనే ఇలాగే చాచింది. పొడుగాటి వేళ్ళు చూసి, ఎడమచేతివాటం అని విని, “సరే, ఉండనీ” అంది.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అనలేదు పెద్దలు.

దుప్పటి మడతలో మళ్ళీ దగ్గరికి వచ్చినప్పుడు అత్త కొసలు అందుకోలేదు. కోడలి మణికట్లు రెండూ పట్టుకుంది.

“ఈ నోరుంది చూశావూ, దీనికి ఏ స్తంభాలూ లేవు,” అంది. “అననిమాట కింద కొట్టెయ్యవే.”

“కొట్టేశానత్తయ్యా.”

“కొట్టెయ్యలేదు. కొన్నాళ్ళు పడుతుంది. నాకు తెలుసు.” తర్వాత దుప్పటి వంక చూస్తూ, దాంతో చెబుతున్నట్టు, “ఆ కళ్ళాసుపత్రి సాయంత్రం ఎందాకా ఉంటుంది?” అని అడిగింది.

*

బస్టాపు ఎదురుగా మేడమీద చిన్న ఆసుపత్రి. లోపల ఒక మెషిన్. గిన్నెలాంటి దాంట్లో మొహం పెట్టి, గడ్డం ఆనించి, నడిమధ్య చుక్కనే చూస్తూ కూర్చోవాలి. చుట్టూ ఎక్కడైనా చిన్న వెలుగు మెరిస్తే చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. ఒక కన్ను మూసి రెండోదానికి, తర్వాత అది మూసి దీనికి. తెల్లకోటు వేసుకున్న పిల్ల ఇదంతా ఓపిగ్గా చెప్పింది.

మొదట కుడికన్ను. మెషిన్ మొదలైందో లేదో టకటకా బటన్ మోగిపోయింది.

“అమ్మా, అమ్మా! వెలుగు వచ్చాక నొక్కాలి. మీరు ముందే నొక్కేస్తున్నారు.”

“వచ్చేదాకా ఆగితే గోలైపోదూ?”

తెల్లకోటు పిల్లకి అర్థం కాలేదు. కోడలికి అర్థమై, పొద్దున్నుంచీ బిగబట్టుకున్నదంతా నవ్వై బయటికొచ్చింది. పెనాల్టీ కొట్టేముందే ఏదో ఒక వైపుకి దూకేసే అలవాటు వేలికి కూడా పట్టింది మరి! “మా అత్తయ్య గోల్‌కీపరండీ,” అని చెప్పింది. ఆ పిల్ల తలెత్తి అత్త వంక ఒకసారి పరీక్షగా చూసి, ఏదో అనబోయి, మళ్ళీ మెషిన్ మొదటినుంచి పెట్టింది. ఈసారి కుడికన్ను బాగానే దాటింది.

తర్వాత ఎడమకన్ను.

గది నిశ్శబ్దంగా ఉంది. మెషిన్ సన్నగా గీపెడుతోంది. అత్త వీపు నిటారుగా పెట్టి, బటన్ మీద బొటనవేలు సిద్ధంగా ఉంచుకుని కూర్చుంది, కార్నర్ కిక్ కోసం చూస్తున్నట్టు. వేలు కదల్లేదు. ఎప్పుడో ఒకసారి టక్‌మంది. మళ్ళీ నిశ్శబ్దం.

“ఇంకెంతసేపమ్మా?” అంది గోడ, మొహం గిన్నెలోంచి తీయకుండానే. “మొదలుపెట్టు మరి. నేను రెడీ.”

తెల్లకోటు పిల్ల కోడలి వంక చూసింది. పరీక్ష ఎప్పుడో మొదలైంది. దాదాపు అయిపోవచ్చింది.

చిన్నగోడ వెళ్ళి అత్తయ్య భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుని బట్టే గోడకి తెలిసిపోయింది. బటన్‌ని మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

డాక్టరు మంచివాడు, తిప్పి చెప్పలేదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఈ పూట నుంచే కంట్లో చుక్కలమందు వేసుకోవాలి, ఎప్పటికీ ఆపకూడదు. కంటికి దెబ్బ తగలకూడదు. బంతి మాట ఆయన ఎత్తలేదు, ఎత్తాల్సిన పని కూడా లేకపోయింది.

*

కిందకి దిగి వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. బస్సు రాలేదు. వచ్చే పోయే వాహనాల రొదలో గోడ సంచీ జిప్పు తీసి గ్లవ్స్ బయటికి తీసింది. అరచేతుల్లో అరిగి, వేళ్ళ సందుల్లో ఆవిడే కుట్లు వేసుకున్న పాత గ్లవ్స్. కోడలి చేతుల్లో పెట్టింది.

“డ్రిల్లు మేడమ్‌కి నేను చెప్తా. నువ్వు నోరెత్తకు. నువ్వు చెబితే, పొద్దున నేనన్న మాటే లోకమంతా అంటుంది. నేను చెబితే ఎవరూ ఏమీ అనరు.”

చిన్నగోడ అప్పుడు ఏడ్చింది. బస్టాపులో జనం చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

“నాకు భయంగా ఉందత్తయ్యా. నాకూ గీత లేకుండా నిలబడటం రాదు. అక్కడ ప్లాస్టిక్...”

“అదా నీ బెంగ! ఇలా రా.” గోడ ఆ పిల్లని గేటు స్తంభాల మధ్య, రోడ్డువైపు మొహం పెట్టించి నిలబెట్టింది. తను నాలుగడుగులు వెనక్కి వెళ్ళింది. “రిజర్వు వాళ్ళు గోల్ వెనక తిరగొచ్చు కదా. నేను నీ వెనకాల సరిగ్గా మధ్యలో నిలబడతా. ‘ఊఁ’ అంటూ ఉంటా. నా గొంతు నీ వీపు నడిమధ్య తగిలితే నువ్వు సరైనచోట ఉన్నట్టు. భుజానికి తగిలిందంటే జరగాలన్నట్టు. ఊఁ!”

చిన్నగోడ కళ్ళు తుడుచుకుని విన్నది. అరడుగు కుడికి జరిగింది.

“ఊఁ!”

ఇంకొంచెం.

“ఊఁ.”

తిరిగి చూసుకుంది. రెండు స్తంభాలకీ సరిగ్గా మధ్యలో ఉంది. గేటు కాపలాదారు ఇద్దరికీ పిచ్చెక్కిందనుకుని కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. అత్తాకోడళ్ళు ఒకరిని చూసి ఒకరు నవ్వుకున్నారు. వాళ్ళ దగ్గర ఇంతకుముందు లేనిదేదో ఒకటి ఇప్పుడు ఉంది. ఈ వారానికి ఇది చాలు అని నేను కూడా కలం మూసేవాణ్ణే.

మెట్ల మీద గబగబా అడుగుల చప్పుడు. తెల్లకోటు పిల్ల పరిగెత్తుకొచ్చింది.

“అమ్మా, ఒక్క మాట. మీరు లాండ్రీ జట్టు కెప్టెన్ కదూ? పైన గుర్తుపట్టాను గానీ చెప్పలేకపోయాను.” రొప్పుతోంది. “ఆదివారం మీరు నిలబడొద్దమ్మా. మీ మీద ఆడేవాళ్ళలో ముందు నిలబడి గోల్స్ కొట్టేది మా అక్క. మీ కంటి సంగతి నేనెవరికీ చెప్పను, మా అమ్మ మీద ఒట్టు. కానీ వాళ్ళకి ముందే తెలుసు. మీ పోయిన ఆట చూడ్డానికి వచ్చారట. గోడకి ఎడమవైపు చూపు ఆనదని మా అక్క ఇంట్లో చెప్పింది. వారమంతా ఎడమవైపుకే కొడుతూ ప్రాక్టీసు చేస్తున్నారు. గట్టిగా కొడుతుందమ్మా మా అక్క. మొహానికి తగిలితే... అందుకని...”

“ఎడమవైపుకే?” అంది గోడ.

“ఎడమవైపుకే.”

“నువ్వు బంగారుతల్లివమ్మా. పో, పైన నీకోసం చూస్తుంటారు.”

ఆ పిల్ల వెళ్ళిపోయింది. గోడ కోడలి వైపుకి తిరిగింది. పొద్దున్నుంచీ వాడిపోయి ఉన్న మొహంలో మెల్లగా వెలుగు వచ్చింది. ఎడమచేతివాటం పిల్ల. ఎడమకి తప్ప దూకదనీ, కుడివైపు చుట్టాలెవరూ లేరా అనీ ప్రాక్టీసులో ఎన్నిసార్లు తిట్టింది తను!

“అర్థమైందా చిన్నగోడా?”

అర్థమైంది.

“డ్రిల్లు మేడమ్‌కి ఇప్పుడేం చెప్పొద్దు,” అంది అత్త. “జట్టులో ఎవరికీ వద్దు. నీ మొగుడికి కూడా వద్దు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం దాకా గోల్‌కీపర్ని నేనే. జెర్సీ వేసుకుని, పిల్లల చెయ్యి పట్టుకుని నడిచొచ్చేదీ నేనే. వాళ్ళు నన్ను చూసుకుని మురిసిపోతారు. తీరా విజిల్ ఊదేముందు...”

“విజిల్ ఊదేముందు మీరు జెర్సీ విప్పి నాకిచ్చేస్తారు. అంతేనా అత్తయ్యా?”

“అంతేగా మరి.”

“అప్పటికప్పుడు మార్చడానికి మేడమ్ ఒప్పుకోవాలి కదా?”

“ఒప్పుకుంటుందిలే.”

బస్సు వచ్చింది. గోడ కోడలి ముందు చెయ్యి చాచింది.

“గ్లవ్స్ ఇటివ్వు. నీ దగ్గర చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆదివారం దాకా నా దగ్గరే ఉండనీ.”

చిన్నగోడ ఆ మొహంలోకి చూసింది. అంత సంతోషం ఆ మొహంలో చూసి చాలా రోజులైంది. అది ఎదుటివాళ్ళని బురిడీ కొట్టించబోతున్న సంతోషమో, జెర్సీ ఇంకొక్కసారి ఒంటిమీదికి వస్తుందన్న సంతోషమో ఎంత చూసినా తెలియలేదు.

గ్లవ్స్ ఇచ్చేసింది. అత్త వాటిని సంచీలో అడుక్కి తోసి, జిప్పు చివరిదాకా లాగింది.